నౌపడలో బండ్లు కలిసే నిమిషం

మా శ్రీకాకుళం జిల్లాలో కొన్ని రైల్వే స్టేషన్ల పేర్ల చివర ‘రోడ్డు’ అని ఉంటుంది. శ్రీకాకుళం రోడ్డు, మందస రోడ్డు. ఆ మాట ఉందంటే ఊరు అక్కడ లేదని అర్థం. ఇక్కడ దిగి ఆ ఊరికి రోడ్డు పట్టుకుని పొమ్మని చెప్పడానికి పాతకాలం రైల్వే వాళ్లు పెట్టుకున్న గుర్తు అది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. టికెట్టు మీద ఏమున్నా జనం ఆమదాలవలస అనే అంటారు. సోంపేట పేరుకు ఆ తోక లేదు గానీ స్టేషను కంచిలిలో ఉంది. ఇక టెక్కలి. జాతీయ రహదారి మీద ఉన్న ఊరు, చుట్టుపక్కల మండలాలన్నిటికీ సంత, ఆసుపత్రి, కాలేజీ. అయినా హౌరా–చెన్నై ప్రధాన లైను టెక్కలిని ముట్టుకోదు, పక్కనున్న నౌపడ మీదుగా వెళ్లిపోతుంది. టెక్కలికి ఉన్న స్టేషను ఒడిశాలోని గుణుపూర్ పోయే కొమ్మ లైను మీద ఉంది. ఉద్దానం అని పిలిచే కవిటి, వజ్రపుకొత్తూరు తోటల్లో, సముద్రం ఒడ్డు పల్లెల్లో ఉండేవాళ్లకైతే రైలు కూత గాలివాటున వినిపించాల్సిందే.

ఇది ఎవరి పొరపాటూ కాదు. 1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటకం దాకా ఈ లైను వేసినప్పుడు దాని పని మద్రాసునూ కలకత్తానూ కలపడం. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదుల్ని ఎక్కడ తేలిగ్గా దాటవచ్చు, ఎక్కడ నేల గట్టిగా ఉంది అని చూసి గీసిన గీత అది. దారిలో ఏ ఊరు తగిలితే దానికి స్టేషను వచ్చింది, తగలకపోతే రోడ్డు వచ్చింది. 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది. యాజమాన్యం మారినా పని మారలేదు, ఈ రోజుకీ అదే పని. రాత్రీ పగలూ ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు పోతూనే ఉంటాయి. మన పాసింజరు మాత్రం లూపులో నిలబడి ఉంటుంది. ‘క్రాసింగు పడింది’ అంటూ జనం ప్లాట్‌ఫారం మీదికి దిగి నిలబడతారు.

ఈ ప్రాంతంలో స్థానిక అవసరం కోసం పుట్టిన రైలు ఒక్కటే, పర్లాకిమిడి లైట్ రైల్వే. రాజా గౌరచంద్ర గజపతి తన ఊరిని ప్రధాన లైనుకు కలుపుకోవాలని నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు వేయించాడు. 1900లో బండి నడిచింది. 1931 నాటికి గుణుపూర్ చేరింది. మొత్తం 90 కిలోమీటర్లు. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయి, బ్రాడ్‌గేజ్‌గా మారి 2011లో గుణుపూర్ దాకా మళ్లీ తెరుచుకుంది. నౌపడను ఉప్పుమళ్ల ఊరుగానే చాలామంది ఎరుగుదురు. అది ఒక కూడలి కూడా అని గుర్తుంచుకుంటే ఈ వ్యాసంలో చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది.

రైలు బాగుపడాలి అనగానే మనం అడిగేవి మూడు: ఫలానా ఎక్స్‌ప్రెస్ ఆగాలి, కొత్త బండి వెయ్యాలి, స్టేషను బిల్డింగు కట్టాలి. మూడూ న్యాయమైనవే. కానీ పలాస, టెక్కలి, ఉద్దానం జనానికి రోజువారీ బతుకులో పనికొచ్చే రైలు కావాలంటే వీటికన్నా ముందు అడగవలసింది టైంటేబులు అని నా అభిప్రాయం. ముందు టైంటేబులు గీయాలి, ఆ తర్వాతే సిమెంటు ఎక్కడ పొయ్యాలో తేల్చుకోవాలి. మన దగ్గర ఈ వరస తలకిందులుగా ఉంది.

టైంటేబులు ఎందుకు ముందో చూడటానికి పలాస పక్కనున్న పూండి స్టేషన్లో నిలబడదాం. ఉదయం మూడు గంటల వ్యవధిలో మూడు లోకల్ బండ్లు ఉన్నాయనుకోండి. సరిగ్గా గంటకొకటి వస్తే, టైము చూసుకోకుండా వచ్చిన మనిషి సగటున 30 నిమిషాలు ఎదురుచూస్తాడు. ఇప్పుడు అవే మూడు బండ్లను 10, 20, 150 నిమిషాల ఎడంతో నడపండి. బండ్ల సంఖ్య అంతే, డ్రైవర్లు అంతే, కరెంటు అంతే. సగటు నిరీక్షణ మాత్రం 64 నిమిషాలు అవుతుంది, అంటే రెట్టింపు దాటింది. కారణం చిన్నదే. పెద్ద ఎడం కాలంలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక ఎక్కువమంది మనుషులు దానిలోనే వచ్చి పడతారు. మొత్తం 180 నిమిషాల్లో 150 ఆ ఒక్క ఖాళీయే. ఆరుగురిలో అయిదుగురు అందులో చిక్కుకుంటారు, ఒక్కొక్కరు సగటున 75 నిమిషాలు కూర్చుంటారు. ‘నేనెప్పుడు పోయినా బండి అప్పుడే వెళ్లిపోయి ఉంటుంది’ అని జనం అనేది దురదృష్టం గురించి కాదు, గణితం గురించి.

టైము తెలిసినవాళ్లు ముందే వచ్చి కూర్చోరు కదా అనవచ్చు. నిజమే, వాళ్లు ఇంట్లో కూర్చుంటారు. కానీ జీడి పిక్కల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగే వేళా, సంతలో సరుకు అమ్ముడుపోయే వేళా, ఆసుపత్రిలో డాక్టరు చీటీ రాసిచ్చే వేళా రైల్వే టైంటేబులు చూసి రావు. తిరుగు ప్రయాణంలో అందరూ టైము తెలియనివాళ్లే.

ఈ సమస్యను నిండు పట్టుదలతో పట్టుకున్న దేశం స్విట్జర్లాండ్. 1982 మే నుంచి అక్కడ దేశమంతా గడియారం టైంటేబులు అమలైంది. ప్రతి స్టేషన్లో ప్రతి గంటా అదే నిమిషానికి బండి వస్తుంది. 7.12కి ఉంటే 8.12కి, 9.12కి, రాత్రి దాకా అంతే. కాగితం చూడనక్కర్లేదు, ఒక్క నిమిషం గుర్తుంటే చాలు. రెండో మెట్టు ఇంకా అందమైనది. గంటకొక బండి రెండు వైపులా నడుస్తుంటే, ఎదురెదురు బండ్లు ప్రతి 30 నిమిషాల ప్రయాణానికి ఒకసారి కలుస్తాయి. ఆ కలిసే చోటు ఒక కూడలి స్టేషను అయితే, కొమ్మ లైను బండ్లనూ బస్సులనూ అదే నిమిషానికి అక్కడికి రప్పించవచ్చు. అందరూ దిగి, అందరూ మారి, నాలుగు నిమిషాల్లో అన్ని వైపులా బయలుదేరతారు. దీనికి ఒకటే షరతు: కూడలికీ కూడలికీ మధ్య ప్రయాణం అరగంటకో, గంటకో కాస్త తక్కువ పట్టాలి. జ్యూరిక్–బెర్న్ మధ్య గంట దాటుతోందని వాళ్లు కొత్త లైను వేసి, 2004 డిసెంబరుకల్లా దాన్ని 56 నిమిషాలకు దించారు. 50కి దించే ప్రయత్నం చెయ్యలేదు, అవసరం లేదు కాబట్టి. ఆ లైను 1987లో ప్రజల ఓటుతో ఆమోదం పొందిన రైలు ప్రణాళికలోది, ఆ ప్రణాళికకు ప్రాణం ఇదే: వీలైనంత వేగం అక్కర్లేదు, అవసరమైనంత వేగం చాలు.

ఇప్పుడు ఆ కొలతను మన లైను మీద పెట్టి చూడండి. నేను పటమూ పెన్సిలూ పట్టుకుని ఈ లెక్క వేసినప్పుడు, ఎవరో కావాలనే అమర్చి పెట్టినట్టు దూరాలు కుదిరిపోవడం చూసి ఆశ్చర్యపోయాను. పలాస నుంచి నౌపడ దాదాపు 25 కిలోమీటర్లు, మధ్యలో పూండి, రౌతుపురం. 26 నిమిషాలు చాలు. నౌపడ నుంచి ఆమదాలవలస దాదాపు 48 కిలోమీటర్లు. దండుగోపాలపురం, కోటబొమ్మాళి, హరిశ్చంద్రపురం, తిలారు, ఊర్లాంలో ఆగుతూ పోయినా 56 నిమిషాలు చాలు. అటు ఉత్తరంగా పలాస నుంచి ఇచ్ఛాపురం దాదాపు 50 కిలోమీటర్లు. సుమ్మాదేవి, మందస రోడ్డు, బారువ, సోంపేట, జాడుపూడిలో ఆగినా గంట లోపే. నౌపడ నుంచి పర్లాకిమిడి కొమ్మ లైను 40 కిలోమీటర్ల లోపు, అదీ గంట లోపే.

అంటే ఇచ్ఛాపురంలో సరిగ్గా గంట కొట్టేవేళ బండ్లు కలిస్తే, పలాసలోనూ గంట కొట్టేవేళే కలుస్తాయి. నౌపడలో అరగంట కొట్టేవేళ. ఆమదాలవలసలోనూ, పర్లాకిమిడిలోనూ మళ్లీ అరగంట కొట్టేవేళ. టెక్కలిలో పది ఇరవైకి కొమ్మ లైను బండి ఎక్కిన మనిషి పదిన్నర లోపు నౌపడలో దిగుతాడు. ఎదుటి ప్లాట్‌ఫారాల మీద విశాఖ వైపు ఒకటీ, పలాస వైపు ఒకటీ నిలబడి ఉంటాయి. ప్రధాన లైను తమ ఊరికి రాలేదన్న టెక్కలి వాళ్ల నూట ముప్పై ఏళ్ల లోటు చాలావరకు అక్కడితో తీరుతుంది. కొత్తగా ఒక్క మీటరు భూమి సేకరించకుండా.

ఈ టైంటేబులు ఇంకో మేలు చేస్తుంది, ఎక్కడ ఏం కట్టాలో అదే చెబుతుంది. కొమ్మ లైను ఒంటి లైను, ఎదురు బండ్లు స్టేషన్లోనే తప్పుకోవాలి. నౌపడలో, పర్లాకిమిడిలో అరగంటకు కలిస్తే, వాటి నడిమధ్య టెంబూరు దరిదాపుల్లో గంటకు కలుస్తాయి. అందుచేత అక్కడ చక్కటి లూపు, రెండు ప్లాట్‌ఫారాలు, సిగ్నళ్లు ఉండాలి. మిగతా చోట్ల ఖర్చు తగ్గించుకోవచ్చు. ఒంటి లైను ఇన్ని బండ్లకు తట్టుకుంటుందా అని సందేహం వస్తే దానికీ రైల్వేలో పాత సూత్రం ఉంది. రెండు క్రాసింగ్ స్టేషన్ల మధ్య అన్నిటికన్నా పెద్ద దూరానికి పట్టే నిమిషాలకు సిగ్నలు, లైన్ క్లియర్ పనులకు పట్టే నిమిషాలు కలిపి, రోజుకున్న 1440 నిమిషాలను దానితో భాగిస్తారు. అందులో 70 శాతం వాడుకోదగ్గది అనుకుంటారు. 20 నిమిషాలు పడుతుందనుకుంటే 72 బండ్లు, అందులో 70 శాతం అంటే 50. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా 16 గంటలు రెండు వైపులా గంటకొక బండి నడిపినా 32. చోటుంది.

ప్రధాన లైను మీద మాత్రం ఇంత తేలిక కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

రైలు మార్గం ఎన్ని బండ్లను మోస్తుందనేది బండ్ల సంఖ్య కన్నా వాటి వేగాల తేడా మీద ఆధారపడుతుంది. అన్నీ ఒకే వేగంతో పోతే ఒకదాని వెనక ఒకటి కొద్ది నిమిషాల ఎడంతో పంపవచ్చు. మెట్రో రైళ్లు చేసేది అదే. ఇక్కడ అలా కాదు. పలాస నుంచి ఆమదాలవలస 73 కిలోమీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల సగటున పోయే ఎక్స్‌ప్రెస్‌కు 49 నిమిషాలు పడుతుంది. అన్నిచోట్లా ఆగుతూ పోయే మన బండికి, నౌపడ మజిలీతో కలిపి, 86 నిమిషాలు. లోకల్ వెనకాలే ఎక్స్‌ప్రెస్ బయలుదేరి దారిలో ఎక్కడా దాన్ని దాటకుండా పోవాలంటే కనీసం 37 నిమిషాలు ఆగి బయలుదేరాలి. రద్దీగా ఉన్న లైను మీద అంత ఖాళీ ఎవరూ ఇవ్వరు. అందుకే లోకల్‌ను లూపులోకి తోసి ఎక్స్‌ప్రెస్‌ను దాటిస్తారు. రెండు ఎక్స్‌ప్రెస్‌లు వరసగా వస్తే రెండూ దాటాలి. వాటి వెనక గూడ్సు ఉంటే అదీ. కంట్రోలు గదిలో కూర్చున్న మనిషికి మన మీద కోపం ఉండి కాదు. ఆయన ముందున్న పటంలో గీతలు ఒకదాన్నొకటి కోసుకోకూడదు, అంతే.

ఇక్కడ నౌపడ మజిలీ పనికొస్తుంది. పలాసలో గంట దాటి 2 నిమిషాలకు లోకల్ బయలుదేరి 28కి నౌపడ చేరి 32 దాకా నిలబడుతుంది. 14కి పలాస వదిలిన ఎక్స్‌ప్రెస్ 31 ప్రాంతంలో నౌపడ దాటుతుంది. అంటే టెక్కలి బండి నుంచి మనుషులు దిగి ఎక్కుతున్న ఆ నిమిషాల్లోనే, అవసరమైతే ఇంకో రెండు కలుపుకుని, క్రాసింగు కూడా అయిపోతుంది. ఎలాగూ ఆగవలసిన చోటే క్రాసింగు పడితే ఎవరి పొద్దూ వృథా కాదు. ఎక్కడో ఒక ఔటర్లో, నీడ లేని చోట ఇరవై నిమిషాలు పడి ఉండటానికీ దీనికీ ఎంత తేడా! టైంటేబులు గీయడమంటే ఈ రెండు ఆగడాలనూ ఒకచోటికి తేవడమే.

బండి రకం కూడా ముఖ్యమే. ఇంజను లాగే పాసింజరులో నడిపే బలమంతా ముందున్న 120 టన్నుల ఇంజను చక్రాల దగ్గరే ఉంటుంది. పట్టాకూ చక్రానికీ మధ్య పట్టు ఆ బరువును బట్టే వస్తుంది, అంతకు మించి లాగితే చక్రం జారుతుంది. మెము అనే కరెంటు లోకల్ బండిలో మామూలుగా నాలుగు పెట్టెలకొకటి మోటారు పెట్టె. బలం బండి పొడవునా పంచి ఉంటుంది గనుక త్వరగా అందుకుంటుంది. ఉదాహరణకు ప్రతి సెకనుకూ ఇంజను బండి వేగం సెకనుకు 0.15 మీటర్ల చొప్పున, మెము వేగం 0.3 మీటర్ల చొప్పున పెరుగుతుందనుకుందాం. గంటకు 90 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మొదటిదానికి 167 సెకన్లు, రెండోదానికి 83. ప్రతి బయలుదేరడంలోనూ మెము 40 సెకన్లకు పైగా ఆదా చేస్తుంది. పలాస–ఆమదాలవలస మధ్య ఎనిమిది స్టేషన్లు, పలాసతో కలిపి తొమ్మిది బయలుదేరడాలు. ఆరు నిమిషాల పైచిలుకు మిగులుతుంది. తక్కువగా కనిపిస్తుంది గానీ, గంటలోపు కూడలి చేరడమా, కనెక్షను తప్పిపోవడమా అనేది తేల్చేవి ఆ ఆరు నిమిషాలే. పైగా మెముకు రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది. ఇచ్ఛాపురంలో ఇంజను విప్పి తిప్పి తగిలించే పని లేకుండా నాలుగైదు నిమిషాల్లో వెనక్కి మళ్లుతుంది.

బండ్లను దగ్గర దగ్గరగా నడపడానికి ఇంకో మార్గం ఆటోమేటిక్ సిగ్నళ్లు. పాత పద్ధతిలో స్టేషనుకూ స్టేషనుకూ మధ్య ఒక్క బండే ఉండాలి. ఆటోమేటిక్ పద్ధతిలో ఆ దూరాన్ని కిలోమీటరు చొప్పున ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక సిగ్నలు పెడతారు. ఒక బండి వెనక ఇంకొకటి నడవవచ్చు. ఈ మాట రాస్తున్నప్పుడు 2023 అక్టోబరు 29 సాయంత్రం గుర్తుకు రాకుండా ఉండదు. విశాఖపట్నం–పలాస పాసింజరు కంటకాపల్లి, అలమండ మధ్య మెల్లగా పోతుంటే వెనక నుంచి విశాఖపట్నం–రాయగడ పాసింజరు వచ్చి ఢీకొంది. 14 మంది చనిపోయారు. పని ముగించుకుని ఇళ్లకు పోతున్న జనం ఎక్కే బండ్లవి. ఆ భాగంలో ఉన్నవి ఆటోమేటిక్ సిగ్నళ్లే, ఆ పూట వాటిలో కొన్ని పని చెయ్యలేదు. సిగ్నలు చెడిపోతే ఆగి, నిర్ణీత సమయం వేచి, ఎదురుగా ఏదైనా కనిపిస్తే నిలపగలిగినంత నెమ్మదిగా పోవాలన్న నియమం ఉంది. కానీ ఆ చీకట్లో ఆ నియమం మొత్తం మనిషి చూపు మీదే ఆధారపడి ఉంది. పట్టాల మీది ట్యాగులు, రేడియో ద్వారా బండి స్థానం తెలుసుకుని, డ్రైవరు ఆపకపోయినా తానే బ్రేకు వేసే కవచ్ లాంటి ఏర్పాటు రక్షణ కోసమే పుట్టింది. బండ్ల మధ్య ఎడం తగ్గించే ఏ ప్రణాళికైనా దానితో కలిసే రావాలి. బండ్లు పెంచి, రక్షణ తర్వాత చూద్దాం అనే మాటను ఈ జిల్లా ఒప్పుకోకూడదు.

అసలైన విడుదల మూడో లైనుతో వస్తుంది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏడు రైల్వే ప్రాజెక్టుల్లో ఖుర్దారోడ్–విజయనగరం మూడో లైను ఉంది. మన ఇచ్ఛాపురం, పలాస, నౌపడ అన్నీ దాని దారిలోవే. ఆరేడు వందల మీటర్ల పొడవున్న గూడ్సు బండ్లు ఎక్కువగా ఆ లైను మీదికి పోతే, మిగిలిన రెండిటి మీద వేగాల తేడా తగ్గి లోకల్‌కు చోటు దొరుకుతుంది. అయితే అది తనంతట తాను జరగదు. సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. దాని సరుకు రైలెక్కవలసింది నౌపడ దగ్గరే. ఖాళీ అయిన చోటంతా గూడ్సులతోనే నిండిపోవడం చూస్తుండగానే జరిగిపోవచ్చు. గంటకు ఒక జత లోకల్ బండ్ల దారిని ముందే టైంటేబుల్లో గీసి, ఇది వీళ్లది అని రాసిపెట్టకపోతే మూడో లైను వచ్చినా పూండి ప్లాట్‌ఫారం మీద ఎదురుచూపు అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు, ఉన్న పట్టాలనే దూరపు బండ్లతో పంచుకుంటూ నడిచింది. రెండో దశకు వచ్చేసరికి మౌలాలి–ఘట్‌కేసర్ మధ్య అదనపు లైన్లు వేశారు. అంత పెద్ద నగరానికే వేరే పట్టాలు కావలసి వస్తే, మనం కనీసం టైంటేబుల్లో వేరే గీత అడగడం అత్యాశ కాదు.

ఇంత మంది ఎక్కుతారా అని అధికారులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ప్రణాళికలు వేసేవాళ్లు రెండు ఊళ్ల మధ్య రాకపోకలను ఆ ఊళ్ల జనాభాలను గుణించి, ప్రయాణ కాలాన్ని బట్టి తగ్గించి అంచనా వేస్తారు. భౌతికశాస్త్రంలో గురుత్వాకర్షణ సూత్రంలాంటిదే. 2011 లెక్కల్లో పలాస–కాశీబుగ్గ జనాభా 57 వేల పైచిలుకు. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, పర్లాకిమిడి, అన్నీ పాతిక, యాభై కిలోమీటర్ల ఎడంలో. ఆ సూత్రం ప్రకారం ఇలాంటి వరసే లోకల్ రైలుకు తగినది. కానీ అమ్ముడైన టికెట్లను మాత్రమే లెక్కిస్తే, బండి లేక ఆటో ఎక్కినవాడు, ప్రయాణమే మానుకున్నవాడు లెక్కలోకి రారు. వంతెన లేని ఏటిని ఎంతమంది ఈదుతున్నారో చూసి వంతెన అవసరం అంచనా వేసినట్టవుతుంది. ఇంకో సంగతి. 2020లో కరోనాకు ఆగిపోయిన పాసింజర్లు తిరిగి వచ్చినప్పుడు ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో వచ్చాయి. 10 రూపాయల కనీస టికెట్టు 30 అయింది. పాత ఛార్జీ 2024 ఫిబ్రవరిలో గానీ తిరిగి రాలేదు. ఆ సంవత్సరాల అంకెల్ని చూసి ఇక్కడి జనానికి రైలు ఇంతే చాలు అనుకుంటే అన్యాయం.

తుఫాన్ల మాట ఒకటి చెప్పుకోవాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకు ఒరిగిపోయాయి. ఇక్కడ రైలు కట్ట కొండలకూ సముద్రానికీ మధ్య అడ్డుగా ఉంటుంది. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే వాన నీరంతా దాని కింది తూముల్లోంచే పోవాలి. మూడో లైనుకు కట్టను వెడల్పు చేసేటప్పుడు పాత తూములను అదే కొలతతో పొడిగించి ఊరుకుంటే, ఎగువ పొలాలు మునుగుతాయి, కట్టా కోసుకుపోతుంది. తూముల కొలతలు మళ్లీ లెక్కవేయడానికి ఇంతకన్నా మంచి అదను రాదు.

పట్టాల కన్నా పెద్ద చిక్కు కాగితం మీది గీతలు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏర్పాటు ప్రకారం పలాస నుంచి విశాఖ వైపు లైను, నౌపడ–పర్లాకిమిడి కొమ్మ దక్షిణ కోస్తా రైల్వేలోని విశాఖపట్నం డివిజన్‌కు వస్తాయి. పలాసకు ఉత్తరాన ఇచ్ఛాపురం దాకా ఉన్న స్టేషన్లు ఆంధ్రలోనే ఉన్నా తూర్పు కోస్తా రైల్వేలోని ఖుర్దారోడ్ డివిజన్‌లో ఉంటాయి. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ కొత్త రాయగడ డివిజన్‌కు పోతుంది. నేను పెన్సిలుతో గీసిన ఆ చిన్న టైంటేబులును గుణుపూర్ దాకా పొడిగిస్తే అది రెండు జోన్లను, మూడు డివిజన్లను, రెండు రాష్ట్రాలను తాకుతుంది. డ్రైవర్లూ గార్డులూ మారే చోటు పలాస, అందుకే లోకల్ బండ్లు పలాసలో ముగియడం వాడుకగా మారింది. విశాఖపట్నం–పలాస అని బండి పేరే చెబుతుంది. కానీ మనుషుల ప్రయాణం పలాసలో ముగియదు. సోంపేట వాళ్లకు శ్రీకాకుళంలో పని ఉంటుంది, కోటబొమ్మాళి వాళ్లకు బరంపురంలో చుట్టాలుంటారు. డ్రైవరు మారితే మారాడు, బండి మారనక్కర్లేదు. ఈ లైనంతా ఒకే జోన్‌లో కలపాలన్న కోరిక ఇక్కడ ఉంది. అది తేలేదాకా ఆగకుండా, రెండు జోన్ల టైంటేబులు అధికారులూ ఆర్టీసీ వాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఈ పని మొదలుపెట్టవచ్చు.

ఆర్టీసీ ఎందుకంటే, ఆ ‘రోడ్డు’ ఇంకా అక్కడే ఉంది. కంచిలిలో దిగిన కవిటి మనిషికి, మందస రోడ్డులో దిగిన మందస మనిషికి స్టేషను బయట బస్సు ఉంటేనే రైలు పూర్తవుతుంది. గంటకొకసారి అదే నిమిషానికి బండి వస్తుందని తెలిస్తే బస్సుకూ అదే నిమిషం పెట్టవచ్చు, ఆటోవాళ్లూ అదే నిమిషానికి వస్తారు. ఇప్పటి టైంటేబులుకు కనెక్షను బస్సు నడపమంటే ఎవరు నడుపుతారు?

ఉద్దానం గురించి మాట్లాడుతూ అక్కడి జనాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు మాట ఎత్తకుండా ఉండలేం. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవడం. అయ్యాక రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి, కొందరికి కాళ్లు పట్టేస్తాయి. జాడుపూడి దగ్గరి పల్లె నుంచి వచ్చే మనిషిని తీసుకోండి. గడియారం టైంటేబుల్లో అతను ఉదయం ఇచ్ఛాపురం నుంచి 5 దాటి 2 నిమిషాలకు బయలుదేరిన బండి ఎక్కి 6 లోపు పలాసలో దిగుతాడు. 7 గంటల షిఫ్టులో పడుకుంటే 11కి లేస్తాడు. తూకం చూసి, కాసేపు కూర్చోబెట్టి, 12 దాటి 2 నిమిషాలకు ఇచ్ఛాపురం పోయే బండి ఎక్కిస్తారు. ఆ పూట రక్తపోటు సర్దుకోకపోతే నర్సమ్మ ఇంకో గంట పడుకోబెట్టవచ్చు. తోడు వచ్చిన భార్య తలుపు వైపు చూస్తూ కంగారు పడనక్కర్లేదు, ఒంటిగంట దాటి 2 నిమిషాలకు ఇంకో బండి ఉంది.